సెలవూ వేతనంలో భాగమే: సూరత్ జిల్లా నుంచి హైదరాబాద్ రాజ్‌భవన్ వరకు ఖండూభాయ్ దేశాయ్ జీవనయానం

సూరత్: ఈ నగరంలోని మరమగ్గాల షెడ్లలో కూలీని నేసిన మీటర్ల లెక్కన చెల్లిస్తారు. మగ్గం ఆడినంతసేపే సంపాదన; మగ్గం ఆగితే అదీ ఆగిపోతుంది. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల నుంచి, ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చిన నేత కార్మికులలో చాలామందికి దసరాకో సంక్రాంతికో సొంత ఊరు వెళ్లడం అంటే ఆ రోజుల కూలీని వదులుకోవడమే. రైలు ఖర్చుకు తోడు కోల్పోయిన కూలీని కూడా లెక్క వేసుకున్న తరువాతే వారు ప్రయాణం కడతారు.

అయితే పనిచేసిన రోజులను బట్టి కార్మికునికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని భారతదేశంలో చట్టం వచ్చి ఎనిమిది దశాబ్దాలు కావస్తున్నది. ఆ హక్కును కార్మికుల అనుభవంలోకి తేవడానికి యౌవనం నుంచే శ్రమించిన నాయకులలో ఒకరు నాటి సూరత్ జిల్లాలోనే జన్మించారు. కార్మిక సంఘంలో పనిచేసి, కేంద్ర కార్మిక మంత్రిగా బాధ్యతలు నిర్వహించి, చివరకు దాదాపు 7 సంవత్సరాలు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వ్యవహరించిన ఆయన పేరు ఖండూభాయ్ కసన్‌జీ దేశాయ్. తెలుగువారు ఆయనను ప్రధానంగా ఉద్యమాల కాలపు గవర్నర్‌గానే గుర్తుంచుకున్నారు. కానీ ఆయన జీవితంలో అధిక భాగం కార్మికుని పనిగంటలు, విశ్రాంతి, వేతనం అనే మూడు అంశాల చుట్టూనే సాగింది.

కళాశాల నుంచి కార్మికవాడకు

ఖండూభాయ్ 1898 అక్టోబరు 23న వల్సాడ్‌లో జన్మించారు. నేడు వల్సాడ్ ప్రత్యేక జిల్లా కేంద్రమైనా, ఆ కాలంలో అది సూరత్ జిల్లాలో భాగం. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన మొరార్జీ దేశాయ్ కూడా ఆ ప్రాంతంలోనే, రెండేళ్ల ముందు జన్మించారు. ఉన్నత విద్య కోసం ఖండూభాయ్ బొంబాయిలోని విల్సన్ కళాశాలలో చేరారు. 1920లో సహాయ నిరాకరణోద్యమం ఆరంభమై, ప్రభుత్వ అనుబంధ విద్యాలయాలను విడిచిపెట్టాలని గాంధీజీ పిలుపునివ్వడంతో ఆయన ఆ కళాశాలను వదిలివేశారు. అదే ఏడాది అహ్మదాబాద్‌లో నెలకొన్న గుజరాత్ విద్యాపీఠంలో చదువు పూర్తిచేశారు.

అహ్మదాబాద్ అప్పటికే జౌళి మిల్లుల నగరం. 1918లో అక్కడి మిల్లు కార్మికులు 35 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మె చేశారు. ప్లేగు వ్యాధి భయంతో కార్మికులు నగరం విడిచి పోకుండా మిల్లు యజమానులు ఇచ్చిన ప్రత్యేక బోనస్‌ను రద్దు చేయడం ఆ వివాదానికి మూలం. గాంధీజీ నిరాహార దీక్షతో ఆ సమ్మె దేశమంతటి దృష్టిని ఆకర్షించింది. వివాదం చివరకు మధ్యవర్తి ముందుకు వెళ్లింది. ఆ అనుభవం నుంచే 1920 ఫిబ్రవరిలో అహ్మదాబాద్ జౌళి కార్మిక సంఘం అవతరించింది. మజూర్ మహాజన్ పేరుతో ప్రసిద్ధి చెందిన ఆ సంఘానికి అనసూయా సారాభాయ్, శంకర్‌లాల్ బ్యాంకర్ తొలినాటి సారథులు. గుల్జారీలాల్ నందాతో పాటు ఖండూభాయ్ కూడా ఆ సంఘంలోనే కార్మికోద్యమ పాఠాలు నేర్చుకున్నారు.

మజూర్ మహాజన్ పద్ధతి ఆ కాలపు ఇతర సంఘాల పద్ధతికి భిన్నమైనది. కార్మికుని ఫిర్యాదును నమోదు చేయడం, యజమానుల సంఘంతో చర్చించడం, చర్చ ఫలించకపోతే మధ్యవర్తికి నివేదించడం, సమ్మెను చివరి ఆయుధంగా ఉంచుకోవడం ఆ సంఘం నియమం. ఊరేగింపుల కంటే హాజరు పట్టీలకు, వేతన చీటీలకు, ఫిర్యాదు పుస్తకాలకు అక్కడ ఎక్కువ ప్రాధాన్యం ఉండేది. ఖండూభాయ్ వ్యక్తిత్వం ఈ వాతావరణంలోనే రూపుదిద్దుకున్నది.

విశ్రాంతికి చట్టరూపం

ఆయన కార్మికరంగంలో అడుగుపెట్టిన నాటికి మిల్లు కార్మికుడు కోరుకునే విశ్రాంతి అంటే వారానికి ఒక రోజు సెలవు, రోజుకు కొన్ని గంటలు తక్కువ పని. 1922 నాటి ఫ్యాక్టరీల చట్ట సవరణ వారపు పనిని 60 గంటలకు పరిమితం చేసింది. 1934 చట్టం సంవత్సరం పొడవునా నడిచే ఫ్యాక్టరీలలో దానిని 54 గంటలకు, 1946 సవరణ 48 గంటలకు తగ్గించాయి. వారపు సెలవు చట్టంలోకి వచ్చినా, ఆ రోజుకు వేతనం చెల్లించే నిర్బంధం లేదు. దినసరి కూలీకి ఆ ఒక్క రోజు విశ్రాంతి కూడా ఖర్చుతో కూడుకున్నదే.

పని చేయని రోజుకు వేతనం చెల్లించాలన్న భావన ప్రపంచంలోనే అప్పటికి కొత్తది. 1936 జూన్‌లో ఫ్రాన్స్‌లో ఎగసిన భారీ సమ్మెల అనంతరం లియాన్ బ్లమ్ ప్రభుత్వం కార్మికులందరికీ ఏటా రెండు వారాల వేతన సెలవును చట్టబద్ధం చేసింది. అదే నెలలో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఒక సంవత్సరం నిరంతరంగా పనిచేసిన వారికి కనీసం 6 పనిదినాల వేతన సెలవు ఇవ్వాలని ఒడంబడిక రూపొందించింది. 1938లో బ్రిటన్ కూడా వేతన సెలవులపై చట్టం చేసింది. అప్పటివరకు సముద్ర తీరాన్ని చూడని ఫ్రెంచి కార్మిక కుటుంబాలు చౌక రైలు టికెట్లతో తొలిసారి విహారానికి బయలుదేరిన కాలం అది.

ఆ మార్పులు భారతదేశానికి చేరడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. 1937లో ఖండూభాయ్ బొంబాయి శాసనసభకు ఎన్నికయ్యారు. 1938లో ఆ రాష్ట్ర కాంగ్రెస్ ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల చట్టాన్ని తెచ్చింది. సమ్మెకు ముందు రాజీ ప్రయత్నం తప్పనిసరి చేసిన ఆ చట్టంపై తీవ్ర విమర్శలు వచ్చాయి. కార్మికుని సమ్మె హక్కుకు అది సంకెళ్లు వేస్తుందని ఇతర సంఘాలు ఆక్షేపించాయి. డాక్టర్ అంబేడ్కర్ దానికి వ్యతిరేకంగా నిలిచారు. అహ్మదాబాద్ సంప్రదాయంలో పెరిగిన నాయకులు మాత్రం రాజీని, మధ్యవర్తిత్వాన్ని బలహీనతగా భావించలేదు. భారత కార్మికోద్యమంలో ఈ భేదాభిప్రాయం ఆ తరువాత కూడా కొనసాగింది.

ఆ చట్టాన్ని వ్యతిరేకించిన అంబేడ్కరే వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యునిగా ఉన్న కాలంలో, 1945లో, ఫ్యాక్టరీల చట్ట సవరణ ద్వారా వేతన సెలవు తొలిసారి భారత కార్మిక చట్టంలో చోటు చేసుకున్నది. సంవత్సరం పాటు పనిచేసిన వయోజనులకు 10 రోజులు, బాల కార్మికులకు 14 రోజులు వేతనంతో సెలవు ఇవ్వాలని అది నిర్దేశించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దానిని మరింత విస్తరించి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున లెక్కకట్టే విధానాన్ని తెచ్చింది. ఈ లెక్కలోనే అసలు మార్పు దాగి ఉంది. సెలవు ఇక యజమాని దయాభిక్ష కాదు. పని చేస్తూ కార్మికుడు రోజురోజుకూ కూడబెట్టుకునే ఆస్తి అయింది. ఆర్జిత సెలవు అనే పేరు కూడా దానికి అందుకే సార్థకమైనది.

ఈ కాలమంతటా ఖండూభాయ్ జాతీయ స్థాయి నాయకునిగా ఎదుగుతూ వచ్చారు. 1947 మేలో భారత జాతీయ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు సురేశ్‌చంద్ర బెనర్జీ అధ్యక్షులు కాగా, ఖండూభాయ్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. రాజ్యాంగ సభలోనూ ఆయన సభ్యులు. ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలోని 43వ అధికరణం, కార్మికులకు జీవన వేతనంతో పాటు తీరికను సంపూర్ణంగా అనుభవించే పరిస్థితులను కల్పించేందుకు రాజ్యం ప్రయత్నించాలని ఆదేశిస్తున్నది. తీరిక అనే మాటకు రాజ్యాంగంలోనే స్థానం దక్కడం చిన్న విషయం కాదు.

గిరి వారసునిగా కేంద్ర మంత్రి

1952 నుంచి కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న వి.వి. గిరి తెలుగువారికి సుపరిచితులు. బరంపురంలో జన్మించిన ఆయన, 1927లోనే అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. ఆయన మంత్రిత్వ కాలంలోనే 1954లో ఫ్యాక్టరీల చట్టంలోని వేతన సెలవుల అధ్యాయాన్ని తిరగరాశారు. అప్పటివరకు సెలవుకు 12 నెలల నిరంతర సేవ అర్హతగా ఉండేది. జబ్బు పడి గానీ, పని దొరకక గానీ మధ్యలో తెగిపోయిన సేవ ఆ అర్హతను దెబ్బతీసే అవకాశం ఉండేది. కొత్త సవరణ ఏడాదిలో 240 రోజుల పనిని అర్హతగా నిర్ణయించింది. దీనితో 240 రోజులు పనిచేసిన వయోజనునికి మరుసటి ఏడాది 12 రోజుల వేతన సెలవు హక్కుగా లభించింది.

అదే ఏడాది ఆగస్టులో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడాన్ని నిరసిస్తూ గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ స్థానంలోకి వచ్చినవారు ఖండూభాయ్ దేశాయ్. ఆయనకు సంక్రమించిన తొలి కర్తవ్యమే ఆ బ్యాంకు వివాదం. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఉద్యోగులకు అనుకూలంగా ట్రిబ్యునల్ తీర్పును చాలావరకు పునరుద్ధరించాలని సూచించింది. 1955లో ఆ సూచనలకు చట్టరూపం లభించింది. పెద్ద గొడవకు దారితీసిన అంశం చివరకు విచారణ, నివేదిక, చట్టం అనే మార్గంలో పరిష్కారమైంది. అది అహ్మదాబాద్ పద్ధతికి తగిన ముగింపే.

గిరి, ఖండూభాయ్ ఇరువురూ కార్మికుల శ్రేయోభిలాషులే అయినా వారి దృక్పథాలు వేరు. యజమానులూ కార్మికులూ ప్రభుత్వ జోక్యం లేకుండా పరస్పర బేరసారాలతోనే వివాదాలు తేల్చుకోవాలన్నది గిరి విధానం. తటస్థ న్యాయనిర్ణయానికి ఖండూభాయ్ మరింత విలువనిచ్చేవారు. ఆయన హయాంలో 1956లో పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన సవరణ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను రద్దుచేసి, కార్మిక న్యాయస్థానాలు, పారిశ్రామిక ట్రిబ్యునళ్లు, జాతీయ ట్రిబ్యునళ్లతో కూడిన వ్యవస్థను ఏర్పరచింది. దీర్ఘకాలం సాగే అప్పీళ్లు కార్మికుని ఓపికను హరిస్తాయన్న అనుభవం దాని వెనుక ఉంది.

పత్రికలలో, వార్తా సంస్థలలో పనిచేసేవారికి సెలవు హక్కును ప్రసాదించిన శ్రామిక పాత్రికేయుల చట్టం కూడా ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనే, 1955లో, వచ్చింది. విధి నిర్వహణలో గడిపిన కాలంలో పదకొండో వంతుకు తగ్గకుండా పూర్తి వేతనంతో ఆర్జిత సెలవు, సేవాకాలంలో పద్దెనిమిదో వంతుకు తగ్గకుండా సగం వేతనంతో వైద్య సెలవు ఇవ్వాలని అది విధించింది. వేళాపాళా లేని వృత్తిగా పేరుపడిన పాత్రికేయానికి కూడా పనిగంటల పరిమితి, వారానికి ఒక రోజు విశ్రాంతి దానితోనే లభించాయి. సరిగ్గా ఆ కాలంలోనే, 1956లో, ఫ్రాన్స్ తన కార్మికుల వార్షిక సెలవును మూడు వారాలకు పెంచింది.

కార్మిక నగరంలోనే ఓటమి

ఖండూభాయ్ రాజకీయ జీవితంలో పెద్ద ఎదురుదెబ్బ ఆయన కర్మభూమిలోనే తగిలింది. 1956లో ద్విభాషా బొంబాయి రాష్ట్రం ఏర్పడడంతో ప్రత్యేక గుజరాత్ కోసం మహాగుజరాత్ ఉద్యమం చెలరేగింది. 1957 లోక్‌సభ ఎన్నికలలో ఆ ఉద్యమ సారథి ఇందులాల్ యాజ్ఞిక్ చేతిలో కేంద్ర కార్మిక మంత్రి పరాజయం పొందారు. మూడు దశాబ్దాలకు పైగా తాను సేవ చేసిన మిల్లు కార్మికుల నగరం, వేతనం కంటే భాషా రాష్ట్రాన్ని ముందు నిలిపి ఓటు వేసింది. మంత్రి పదవి పోయింది. కార్మిక శాఖ ఆయన పాత సహచరుడు గుల్జారీలాల్ నందాకు దక్కింది. ఖండూభాయ్ అనంతరం కొంతకాలం రాజ్యసభ సభ్యునిగా సేవలందించారు.

హైదరాబాద్‌లో ఏడు సంవత్సరాలు

1968 ఏప్రిల్‌లో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా నియమితులయ్యారు. ఏడాది తిరగకముందే, 1969 జనవరిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉద్ధృతమైంది. ఉద్యోగాలలో స్థానికుల రక్షణలు అమలు కాకపోవడం దాని ప్రధాన కారణాలలో ఒకటి. ఆ ఏడాదే ఆయనకు పూర్వం కార్మిక శాఖను నిర్వహించిన గిరి రాష్ట్రపతి పదవిని అధిష్ఠించారు. 1971లో కాసు బ్రహ్మానందరెడ్డి వైదొలగగా పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత జై ఆంధ్ర ఉద్యమం సాగింది. 1973 జనవరి 18న రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన విధించారు. ఆ ఏడాది డిసెంబరు 10న జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యేవరకు పరిపాలన గవర్నర్ పేరిటే నడిచింది.

ప్రాంతీయ ఉద్యమంలో పదవిని కోల్పోయిన నాయకుడు, రెండు ప్రాంతీయ ఉద్యమాలను రాజ్‌భవన్ నుంచి చూడవలసి రావడం ఆయన జీవితంలోని విశేషం. గుజరాత్‌లో భాషాభిమానం కదిలించిన జనాన్ని, ఇక్కడ ఉద్యోగావకాశాల అంశం కదిలించింది.

ఉద్యమాల హోరు చల్లారిన తరువాత, ఆయన గవర్నర్‌గా ఉన్న 1974లోనే, ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలు, సంస్థల జాతీయ, పండుగ, ఇతర సెలవుల చట్టం రూపొందింది. గణతంత్ర దినోత్సవం, మే డే, స్వాతంత్ర్య దినోత్సవం, గాంధీ జయంతులతో పాటు నిర్ణీత సంఖ్యలో పండుగలకు వేతనంతో సెలవు ఇవ్వాలని అది నిర్దేశించింది. పండుగనాడు పని చేయించుకుంటే రెట్టింపు వేతనం గానీ, ఆనాటి వేతనంతో పాటు మరో రోజు వేతన సెలవు గానీ ఇవ్వాలని చెప్పింది. పండుగ పూట కూలీ పోతుందన్న బెంగ లేకుండా కుటుంబంతో గడపడానికి తెలుగు కార్మికునికి ఆధారంగా నిలిచిన చట్టం అది. ఆ చట్ట రచన శాసనసభది, ప్రభుత్వానిది. అయితే సెలవు హక్కు కోసం జీవితకాలం పాటుపడిన వ్యక్తి రాష్ట్రాధిపతిగా ఉన్న వేళ అది రావడం ఔచిత్యంగా తోస్తుంది. 1975 జనవరిలో ఆయన పదవీకాలం ముగిసింది. అదే ఏడాది ఆయన కన్నుమూశారు.

పట్టీలో పేరు లేనివారు

ఖండూభాయ్ నమ్మిన పద్ధతికి బలం ఎక్కడ ఉందో, పరిమితి కూడా అక్కడే ఉంది. ఆర్జిత సెలవు లెక్కకు హాజరు పట్టీ ఆధారం. పట్టీలో పేరు ఉంటేనే 240 రోజులు పూర్తయినట్లు రుజువు. పైగా 1948 చట్టం ప్రధానంగా యంత్రశక్తితో నడిచి 10 మంది, యంత్రశక్తి లేకుండా 20 మంది పనిచేసే చోట్లకే వర్తించింది. వేలమంది ఒకే కప్పు కింద పనిచేసిన అహ్మదాబాద్ మిల్లులలో ఈ షరతులు అడ్డంకి కాలేదు. అక్కడ సంఘం ఉంది, పట్టీ ఉంది, ప్రశ్నించే ప్రతినిధి ఉన్నాడు.

1980ల నుంచి ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వస్త్రోత్పత్తి చిన్న చిన్న మరమగ్గాల షెడ్లకు తరలింది. ఆ మార్పుకు ప్రధాన కేంద్రం సూరత్. ఇక్కడ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడిపేంతగా తెలుగువారు స్థిరపడ్డారు. గిరి జన్మించిన బరంపురం పరిసరాల నుంచి కూడా వేలాదిమంది ఈ మగ్గాలపైనే బతుకుతున్నారు. కానీ ఒకే ఆవరణలోని మగ్గాలు వేర్వేరు చిన్న సంస్థలుగా నమోదైతే, కార్మికుని పేరు ఏ పట్టీలోనూ లేకపోతే, చట్టంలోని సెలవు అతనికి కాగితంపైనే మిగిలిపోతుంది. అతను ఏడాదిలో 300 రోజులు నేసినా, రుజువు లేని రోజులు లెక్కలోకి రావు.

ప్రపంచంలోనూ ఈ అంతరం కనిపిస్తుంది. ఐరోపా సమాజం 1993లో కనీసం నాలుగు వారాల వార్షిక వేతన సెలవును సభ్యదేశాలకు తప్పనిసరి చేసింది. ఫ్రాన్స్ 1982 నుంచి అయిదు వారాలు ఇస్తున్నది. సంపన్న దేశమైన అమెరికాలో మాత్రం ప్రైవేటు రంగ కార్మికులకు వేతన సెలవు ఇవ్వాలన్న జాతీయ చట్టమేదీ లేదు. దేశ సంపద ఒక్కటే విశ్రాంతిని నిర్ణయించదని, ఆ హక్కును కోరి నిలబెట్టుకునే వ్యవస్థ కూడా అవసరమని ఈ తేడా చెబుతున్నది.

భారత పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ సెలవు అర్హతను 240 రోజుల నుంచి 180 రోజులకు తగ్గించింది. ఏడాదిలో కొన్ని నెలలే ఒకచోట పనిచేసే వలస కార్మికులకు ఇది మేలు చేయగల మార్పు. నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన కూడా అందులో ఉంది. అయితే ఖండూభాయ్ యౌవనంలో మజూర్ మహాజన్ కార్యాలయంలో నేర్చుకున్న తొలి పాఠం నేటికీ మారలేదు. పనిచేసిన రోజును ముందు ఎవరో ఒకరు పుస్తకంలో రాయాలి. రాసినది సరిగా ఉందో లేదో కార్మికుని పక్షాన మరొకరు చూడాలి. సూరత్ మగ్గాల వద్ద ఆ రెండూ జరిగిన నాడు, ఈ జిల్లాలో పుట్టిన నాయకుడు పాటుపడిన హక్కు, పండుగకు ఊరెళ్లే తెలుగు నేతన్న కూలీ లెక్కలోకి కూడా చేరుతుంది.